దొంగ బాలింత

చెవుల్లో దూది కుక్కుకుని, నెత్తికి పాత చీర పేలిక బిగించుకుని, మే నెల ఎండలో మంచం కింద నిప్పుల కుంపటి పెట్టించుకుని పడుకోవడం ఎంత నరకమో కన్నవాళ్లకే తెలుస్తుందంటారు. కననివాళ్లకు ఇంకా బాగా తెలుస్తుందని రమ పళ్లు కొరుక్కుంది. పది రోజులుగా ఎంకపల్లిలో అత్తగారింటి వెనక గదిలో ఇదే బతుకు. కిటికీకి గోనెపట్టా, గడపకు వేపమండలు, తలాపున కొడవలి, కడుపు చుట్టూ బిగించిన నడికట్టు. ఎన్నడూ ఉబ్బని కడుపు మళ్లీ లోపలికి పోవాలట. పొద్దున బాలింత మందు, కాయం ముద్ద, మధ్యాహ్నం వెల్లిపాయ కారం అన్నం, తాగడానికి కాచి చల్లార్చిన నీళ్లు లెక్కగా ఒక గ్లాసు. బాలింతకు జరగాల్సిన మర్యాదల్లో జంగమ్మ ఒక్కటి కూడా తక్కువ చేయలేదు. తక్కువైందల్లా ఒక్కటే, ఈ కోడలు కనలేదు. కన్నది పక్క మండలంలో, ముడిమ్యాలలో, కృపాజ్యోతి అనే మనిషి. ఆ పేరు ఈ ఇంట్లో ఎవరూ పలకరు, పలికితే నాలుక మీద వాత పడుతుందేమో. ఇవాళ పురుడు. వాకిట్లో షామియానా కింద వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. గాజుల చప్పుడు దూదిని దాటుకుని మరీ వస్తోంది, దాని మీదుగా జంగమ్మ గొంతు, మా కోడలు మస్తు తిప్పలు పడ్డది, రెండొద్దులు నొప్పులు తీసింది, నడుము విరిగిందనుకున్నం అని. ఏ నొప్పులు? ఆ రెండు రోజులూ రమ ఆస్పత్రి క్యాంటీన్లో కూర్చుని ఇడ్లీ తింటూ ఆఫీసుకు మెయిళ్లు పెట్టింది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అన్నారా. పక్కన తువ్వాలు మీద పిల్ల పిడికిళ్లు బిగించుకుని నిద్రపోతోంది, దానికి ఈ గొడవేదీ పట్టలేదు.

అరగంట కింద దిండు కింద ఫోన్ వణికింది. బాలింత ఫోన్ మాట్లాడితే చెవికి గాలి సోకుతుందని అత్త మొన్న లాక్కుపోతే, నిన్ననే మొగుడు గోవర్ధన్ జేబులోంచి మళ్లీ కాజేసింది. కుడి చెవిలో దూది పీకి ఆనించుకుంటే ఎజ్రా. కృపాజ్యోతి మొగుడు, మూడేళ్లు రమ ఆఫీసు కారు నడిపినవాడు, ఎప్పుడూ గొంతు పెంచని మనిషి. ఇవాళ హలో కూడా అనలేదు.

"మేడం, జ్యోతికి తెల్లారుగట్ల సంది రక్తం ఆగుతలేదు. చేవెళ్ళల దవాఖానకు తీస్కొచ్చిన. గ్లూకోజు పెట్టిన్రు. కాన్పై పదకొండొద్దులైందని చెప్పిన. డాక్టరమ్మ కాయితం అడిగింది, నా కాడున్నది చూపెట్టిన. దాని మీద మీ పేరున్నది గద మేడం. గీ రమ ఎవరంటున్నది. కాన్పైతే బిడ్డ ఏదంటున్నది. అమ్ముకున్నరా, ఏడన్న పారేసిన్రా, పోలీసులకు చెప్త అంటున్నది. జ్యోతి నోరిప్పుతలేదు. బైబిలు మీద ఒట్టేసిన, చెప్పనంటున్నది. నన్నేం చెప్పమంటరు మేడం?"

ఒక్క నిమిషం ఎజ్రా, అని పెట్టేసింది. ఒక్క నిమిషం! గోవర్ధన్‌ను పిలిపించి చెబితే అతను తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, నాకు పొద్దున ఆరింటికే చేసిండు అన్నాడు. ఆరింటికి తెలుసు. తెలిసి స్నానం చేశాడు, షామియానా తాళ్లు సరిచేయించాడు, వచ్చినవాళ్లకు కుర్చీలు వేయించాడు. "డాక్టరున్నది గద, చూస్కుంటది. అందరు తిని పోయినంక నేనే పోయి మాట్లాడ్త. నువ్వు మాత్రం లేవకు రమా, ఇప్పుడు లేస్తే అంతా ఆగమైతది" అన్నాడు, బయటికి పోతూ తలుపు కూడా జాగ్రత్తగా చేరవేశాడు, పాప నిద్ర చెడకూడదని. అంత మంచివాడు. ఆ మంచితనం చూస్తే అరికాలి మంట నెత్తికెక్కుతుంది. చెడ్డవాడైతే కొట్లాడొచ్చు, ఈయన ఎవరితోనూ కొట్లాడడు, అమ్మ చెప్పింది నిజమంటాడు, భార్య చెప్పిందీ నిజమే అంటాడు, మధ్యాహ్నం అయ్యాక చూద్దామంటాడు. మధ్యాహ్నం దాకా నెత్తురుకు ఎవరు చెప్పాలి ఆగమని?

బిడ్డ ఏది. ఎంత చిన్న మాట. ఏది అంటే ఇదిగో, ఇక్కడ, నా మోచేతికి జానెడు దూరంలో, నోరు చప్పరిస్తూ. ఆ మాట చేవెళ్ళలో ఒక డాక్టరమ్మ అడిగితే ఇక్కడ రమ వీపు కింద నులక గుచ్చుకుంటోంది. జవాబు చెప్పాల్సినామె దేవుడి మీద ఒట్టేసి నోరు కుట్టుకుంది, జవాబు ఒళ్లో ఉన్నామె దొంగ బాలింతై పడుకుంది. లేవొచ్చు కదా? కాళ్లున్నాయి, నొప్పుల్లేవు, కుట్లు లేవు. ఈ ఊళ్లో పదకొండు రోజుల బాలింతల్లో ఇంత గట్టి బాలింత ఎక్కడా ఉండదు. మరి లేవదేం? లేస్తే ఏం పోతుందో ఆమెకు తెలుసు, అందుకే లేవలేదు, అందుకే ఎవరి మీద కోపగించినా ఆ కోపం గిర్రున తిరిగి వచ్చి తన దవడకే తగులుతోంది.

ఇదంతా జంగమ్మ బుర్రలో పుట్టిన పురుగు. దాని పేరు కౌలు. గోవర్ధన్ తాత ఎప్పుడో ఊరి పడమట ఎనిమిదెకరాల మెట్ట చెలక హన్మయ్య అనే ఆయనకు కౌలుకిచ్చాడు. భూమి ఎవరి సాగులో ఉందో రాసే పహాణీలో పట్వారీ హన్మయ్య పేరు రాశాడు. కౌలుదార్ల చట్టం వచ్చింది, కాగితంలో పేరుంది కాబట్టి చెలక హన్మయ్యదే అయింది. అప్పట్లో ఎవరూ పెద్దగా ఏడవలేదు, రాళ్ల చెలక, జొన్న కూడా సరిగా ఎన్ను వేసేది కాదు. ఇప్పుడు అద్దాల బిల్డింగుల సెగ ఇటు పాకి, కార్లలో వచ్చినవాళ్లు మన్ను చూడకుండానే భూములు కొనేస్తుంటే, హన్మయ్య మనవలు ఆ రాళ్లను ఎవరో ఫాంహౌస్ ఆయనకు అమ్మి మొయినాబాద్‌లో మూడంతస్తులు లేపారు. ఆ ప్రహరీ గోడ పక్క నుంచి పోయిన ప్రతిసారీ జంగమ్మ మెటికలు విరుస్తుంది. "కాయితంల పేరు పడ్డదా, పానం పోయినా ఆ పేరు పోదు" అంటుంది. కాబట్టి కృపాజ్యోతిని కాన్పుకు నగరంలో చేర్చేటప్పుడు ఆస్పత్రి గేటు దగ్గరే కొడుకు చేయి పట్టుకుని ఆపింది. "అడ్మిషన్ల రమ పేరే రాయించు కొడుకా. కౌలుదారు పేరు పహాణీల పడనియ్యొద్దు." కడుపు అంటే ఆమెకు కౌలుకిచ్చిన చెలక. బిడ్డ అంటే పంట. కోత కాగానే కౌలుదారు గట్టు దిగి పోవాలి, మళ్లీ వెనక్కి చూడకూడదు. చదువుకున్న కొడుకు, చదువుకున్న కోడలు, ఒకరేమో బ్యాంకు ప్రాజెక్టు, ఒకరేమో టెస్టింగ్ లీడు, పక్కపక్కన నిలబడి ఆ మాట విని తలలూపారు. కౌంటరులో పేషెంటు పేరు రమ. వయసు రమది. మొగుడి పేరు గోవర్ధన్. నొప్పులు మాత్రం కృపాజ్యోతివి.

తలూపింది తనే కదా. అత్త ఒక్కతే ఊపించిందా? రమకు బాగా గుర్తు, నర్సు తెచ్చిచ్చిన పుట్టిన చీటీ మీద ఆడపిల్ల, రెండు కిలోల తొమ్మిది వందలు, తల్లి పేరు రమ అని చదివి గోడకు ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు ఎందుకొచ్చిందో ఎవరికి చెబుతుంది? పన్నెండేళ్ల పెళ్లి, ముప్పై నాలుగేళ్లకే ముట్లు ఆగిపోయాయి, మీకు అండాలు లేవమ్మా అని డాక్టరు చల్లగా చెప్పింది, కూరలో ఉప్పు లేదని చెప్పినట్టు. దాత అండం తీసుకోవాలి, గోవర్ధన్ బీజంతో కలపాలి, మీ గర్భసంచి కూడా మోయలేదు కాబట్టి ఇంకొకరి కడుపులో పెట్టాలి. దాతను చూడకూడదు, పేరు తెలియకూడదు. ఒక కాగితం ఇచ్చారు, ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు, రంగు చామనఛాయ, డిగ్రీ, ఇష్టాలు ముగ్గులు, పాటలు. ముగ్గులట. రమకు ముగ్గు వేయడం రాదు, చిన్నప్పుడు వాళ్లమ్మ వంకర ముగ్గని చీపురుతో చెరిపేసేది. రేపు ఈ పిల్ల చక్కగా ముగ్గు వేస్తే తను ఏం చేయాలి, మురవాలా, ఏడవాలా? ఆ కాగితం చూసి జంగమ్మ అడిగింది ఒక్కటే. "మన కులపోళ్లదేనా?" విత్తనానికి కులం కావాలి, కడుపుకు అక్కర్లేదు. మొగుడి బీజం, ఎవరో ముగ్గుల పిల్ల అండం, కృపాజ్యోతి నెత్తురు. పిల్లలో రమది ఏముంది? ముక్కు లేదు, కళ్లు లేవు, పిసరంత రక్తం లేదు. ఉన్నదల్లా ఆ చీటీ మీద రెండక్షరాల పేరు. ఇప్పుడు లేచి డాక్టరమ్మకు నిజం చెబితే ఆ రెండక్షరాలు కూడా పోతాయి. తప్పుడు పేరుతో కాన్పు చేయించారని కేసు పెట్టొచ్చు, చీటీ చెల్లదనొచ్చు, పిల్లను ఎవరికిస్తారో ఎవరికి తెలుసు. అందుకే ఒక్క నిమిషం అంది. ఆ నిమిషం ఇప్పటికి అరగంటైంది.

పిల్ల కదిలింది, పెదవులు సాగదీసి ఏదో వెతికింది. దానికి దొరకదు ఆ వెతికేది. సీసా తీసి నోట్లో పెడితే మొహం తిప్పుకుని, కాసేపటికి గతిలేక పట్టుకుంది. పాలు ఆగుతలేవక్కా, తువ్వాల గట్టిగ కట్టుకున్న. ఐదో రోజు రమ చాటుగా ఫోన్ చేస్తే కృపాజ్యోతి అన్న మాట అది. ఇంకా ఏమంది? "బిందెత్తిన అక్కా పొద్దున. ఎత్తకపోతే పక్కింటోళ్లు ఏమైందంటరు. బొంబాయిల వంటపని చేసొచ్చిన మనిషి పండుకుంటే అడగరా?" అని నవ్వింది కూడా. ఐదో రోజున నీళ్ల బిందె. ఇక్కడ ఐదో రోజున జంగమ్మ కోడల్ని పక్క మీద నుంచి లేవనివ్వలేదు, పచ్చి బాలింతవు, గాలి సోకుతుందని. కాయం ఇక్కడ, నడికట్టు ఇక్కడ, వేడినీళ్ల కాపడం ఇక్కడ. పిల్లనొక్కదాన్నే తెచ్చుకోలేదు వీళ్లు, ఆమె బాలింతరికాన్ని కూడా ఎత్తుకొచ్చారు. అక్కడ ఆమె బాలింత కాదు, ఊరికి చెప్పిన అబద్ధం ప్రకారం బొంబాయి నుంచి తిరిగొచ్చిన కూలి మనిషి, అంతే. మరి అంతా విని రమ ఏమంది ఆ రోజు? పాలు ఆగే గోలీ వేసుకుంటున్నవా అంది. అదీ ఆమె అడిగింది. తిన్నావా అనలేదు, పడుకున్నావా అనలేదు. ఆ పాలు ఆగిపోతేనే తనకు ధైర్యం, అందుకని.

మోకిలలో కొత్తగా వేసిన ప్లాట్ల మధ్య ఒక్కటే లేచిన ఇల్లు కిరాయికి తీసుకుని ఆరు నెలలు కృపాజ్యోతిని అక్కడ ఉంచారు. చుట్టూ హద్దురాళ్లు, తుమ్మ చెట్లు, సాయంత్రమైతే గొర్రెల మందలు. ఆదివారం ఆదివారం రమ పళ్లు తీసుకుని పోయేది. మొదట్లో మేడం అనేది, నాలుగో నెలలో అక్కా అంది. మీ పాప అనేది ఎప్పుడూ, మీ పాప ఇయ్యాల అల్లరి చేసింది, మీ పాపకు చింతకాయ కావాల్నట. ఒక్కసారైనా నోరు జారలేదు. చెయ్యి పెట్టక్కా, తన్నుతున్నదని రమ అరచేతిని తన పొట్ట మీద ఆనించుకుంటే, చేతి కింద చిన్న మడమ జారిపోయేది. రమకు సంతోషం పావు, మిగతా ముప్పావు అసూయ. ఎంత అసూయంటే ఇంటికొచ్చి ఆ చెయ్యి సబ్బుతో కడుక్కుంది ఒకరోజు. ఎందుకు కడుక్కుందో ఇప్పటికీ తెలియదు. జంగమ్మ ఒక్కసారే వచ్చింది అక్కడికి, కృపాజ్యోతి ఇచ్చిన మంచినీళ్లు ముట్టలేదు, సంచిలోంచి తన సీసా తీసుకుని తాగింది. ఆమె నీళ్లు పనికిరావు, ఆమె నెత్తురు తొమ్మిది నెలలు పనికొచ్చింది. పోతూ పోతూ, చర్చి పాటలు పాడకు బిడ్డా, కడుపుల ఉన్నోళ్లకు ఇనబడతయి అని చెప్పి పోయింది. అప్పటి నుంచి కృపాజ్యోతి పెదవులు మూసుకుని రాగం మాత్రం తీసేది, గిన్నెలు తోముతూ, ఉతికిన బట్టలు ఆరేస్తూ. ఆ మాట అన్నప్పుడు రమ పక్కనే ఉంది. అత్తమ్మా ఇదేం మాట అనలేదు. ఏరు దాటే దాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. దాటక ముందే బోడి మల్లయ్య అనడం ఈ ఇంటి గొప్ప.

పనిలో రమను అందరూ దయ్యం అంటారు. వేల లైన్ల ప్రోగ్రాంలో ఎక్కడో ఒక్క తప్పు దాక్కుని ఉంటే లాగి బయట పడేస్తుంది, కుర్రాళ్లు సారీ చెప్పేదాకా వదలదు. తప్పును దాచి సరుకు బయటికి పంపితే అది కస్టమరు దగ్గర పేలుతుంది, ఇక్కడే పేలనివ్వండి అని ప్రతి మీటింగులో చెబుతుంది. అంతటి మనిషికి ఆ రోజు ఏం తెగులు పుట్టింది? కాన్పైన సాయంత్రం నర్సు వచ్చి, మాయ దానంతట అది పడలేదు, డాక్టరు చెయ్యి పెట్టి తీశారు, ముక్క ఏదైనా మిగిలిందేమో స్కాన్ తీయాలి, కిందికి తీసుకెళ్లండి అంది. కిందికి తీసుకెళ్లారు. స్కాన్ గది ముందు పేర్లు రాసుకునే కుర్రాడు ఫొటో ఉన్న కార్డు అడిగాడు. రమ కార్డు ఉంది, కానీ చక్రాల కుర్చీలో కూర్చున్న మొహం కార్డులోది కాదు. గోవర్ధన్, రమ మొహాలు చూసుకున్నారు. రేపు తీయిద్దాంలే అనుకున్నారు. మర్నాడు జంగమ్మ, దవాఖానల ఎన్నొద్దులు, తీస్కపోండ్రి అంది, మా ఇష్టం మీద తీసుకెళ్తున్నామని గోవర్ధన్ సంతకం పెట్టాడు. కృపాజ్యోతి ఏమీ అడగలేదు. ఆమె రమ పేరు మీద ఉన్న మనిషి, రమకు ఏం కావాలో రమే చెప్పాలి. రమ చెప్పింది, పోదామని. ఆ మాయ ముక్క ఇప్పుడు చేవెళ్ళలో పేలింది. అక్కడి డాక్టరమ్మకు ఆ సంగతి తెలియదు, తెలిసి చెప్పగలిగిన ఇద్దరిలో ఒకడు బయట కుర్చీలు సర్దుతున్నాడు, ఒకతి పడుకుని ఉంది. అసలు కాగితాలు ఎదురుగా బీరువాలో, చీరల కింద.

తలుపు కిర్రుమంది. జంగమ్మే అనుకుని కళ్లు మూసుకుంది. కాదు, చాకలి అంతమ్మ. కొడుకులు నగరంలో ఇస్త్రీ దుకాణం పెట్టుకుని అమ్మా ఇంకా ఎందుకే అంటున్నా, పురుళ్లకు మాత్రం ఇంకా వస్తుంది, పురిటి బట్టలు తన హక్కు అని. మూలన జంగమ్మ సిద్ధం చేసి పెట్టిన మూట విప్పింది. ఒక్కో చీర పైకెత్తి వెలుతురుకు చూసింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. మూటకు సాంబ్రాణి పొగ బాగానే పట్టించింది జంగమ్మ, అసలు వాసన మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది.

"ఏందే బిడ్డా, సబ్బు యాడ్ల బట్టలు గుడ ఇంత తెల్లగుండవు గదనే!" అని గొంతు తగ్గించి నవ్వింది.

అంతమ్మ వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది, పిల్ల బుగ్గను ఒక వేలితో నిమిరింది.

"నాకెందుకు గని, మీ అత్తకు చెప్పకు నేనడిగినట్టు. అసలు బాలింత ఏడున్నదే? మంచిగ తింటున్నదా?"

తింటున్నదా. పది రోజుల్లో, ఇంతమంది ఉన్న ఇంట్లో, ఇంత వండిన ఇంట్లో, ఎవరూ అడగని మాట. ఈ ముసలమ్మకు ఎవరో ఏమిటో తెలియదు, ఏ కులమో ఏ ఊరో తెలియదు, ఒక ఆడది ఎక్కడో కని ఉంటుంది, కన్నామెకు ఆకలి ఉంటుంది, అంతవరకే తెలుసు. రమకు ముందు సిగ్గేసింది, ఆ సిగ్గు కోపంగా మారింది. అత్త మీద, మొగుడి మీద, ముగ్గుల పిల్ల మీద, కాగితాల మీద, కాగితాలకు భయపడి చచ్చే ఈ నేల మీద, అన్నిటికన్నా ఎక్కువ ఈ మంచం మీద పడుకున్న ఆడదాని మీద. లేచి కూర్చుంది. నెత్తికి కట్టిన పేలిక లాగి పారేసింది. నడికట్టు ముడి పంటితో విప్పింది. వద్దు బిడ్డా, గాలి సోకుతది అనబోయి, సోకితే ఏమవుతుందిలే అనుకుందేమో, అంతమ్మ నోరు మూసుకుంది. బీరువా తెరిచి చీరల కింద నుంచి ఫైలు లాగి, ఎజ్రాకు ఫోన్ చేసింది.

"ఎజ్రా, ఫోన్ డాక్టరమ్మకియ్యి. ఇయ్యి చెప్తున్న."

ఆడగొంతు వచ్చింది, అలసిపోయి, చిరాగ్గా. "ఎవరండీ మీరు?"

"నా పేరు రమ. మీ దగ్గరున్న కాయితం మీది రమను నేనే. కాన్పైంది నాకు కాదు మేడం, అక్కడున్నామెకే, కృపాజ్యోతికి. నా పేరు మీద చేర్పించినం. తప్పు మాది, ఆమెది కాదు. ఫైలు నా చేతుల ఉన్నది, చదువుతున్న, ఇనుండ్రి. నార్మల్ డెలివరీ. మాయ చెయ్యి పెట్టి తీసిన్రు. స్కాన్ తియ్యాలె అన్నరు, మేం తియ్యనియ్యలే. ముక్క లోపలనే ఉండొచ్చు."

ఎడమ చెవిలో దూది ఇంకా అట్లాగే ఉంది. తన గొంతు తనకు సగమే వినపడుతుంటే, అవతల కూడా వినపడదేమోనని అరిచి మరీ చెప్పింది. ఆ సంగతి తెలిసేసరికి వాకిట్లో ఒక్క గాజు కూడా చప్పుడు చేయడం లేదు. తలుపు బార్లా తెరుచుకుని ఉంది. గుమ్మంలో జంగమ్మ, ఆమె వెనక గోవర్ధన్, వాళ్ల వెనక మెడలు సాగదీసిన వాడకట్టు. రమ ఆ దూది కూడా పీకేసింది. షామియానా కింది ఫ్యాను చప్పుడు, పెదవులు చప్పరిస్తున్న పిల్ల చప్పుడు, అవతల డాక్టరమ్మ ఎవరికో థియేటరు సిద్ధం చేయండి అని కేక వేయడం, అన్నీ ఒక్కసారిగా వినపడ్డాయి.

"సరే, ఇది ముందే చెప్పాల్సింది. లోపలికి తీసుకెళ్తున్నా. బిడ్డ బతికే ఉందా?"

"ఉన్నది. నా దగ్గరనే ఉన్నది."

"మీరేమవుతారు బిడ్డకు? కేసు షీటులో నేనేం రాసుకోవాలి?"

జంగమ్మ రెండు చేతులూ జోడించింది. వద్దు వద్దని తల అడ్డంగా ఊపుతోంది. ఆ ముసలి కళ్లలో నీళ్లు చూసి కూడా రమకు జాలి కలగలేదు. ఇంకెప్పుడైనా కలుగుతుందేమో. చీటీ మీది తన రెండక్షరాలు కళ్ల ముందు ఆడాయి.

"పిల్లకు తల్లిని నేను. కన్నది కృపాజ్యోతి. రెండు రాస్కోండ్రి మేడం. పిల్లను తీస్కోని వస్తున్న."

ఫైలు చంకలో పెట్టుకుంది. పిల్లను తువ్వాలుతో సహా ఎత్తుకుంది. కారు తాళాలు అంటూ చేయి చాపితే గోవర్ధన్ ఒక క్షణం తల్లిని చూశాడు, ఒక క్షణం భార్యను చూశాడు, నేను నడుపుత అన్నాడు సన్నగా. నడుపు, అంది రమ. షామియానా కింద ఆడవాళ్లు కాళ్లు ముడుచుకుని దారి ఇచ్చారు. జంగమ్మ మాత్రం వెంటపడి వాకిలి దాకా వచ్చి కొంగు పట్టుకుంది. కోపం పోయింది ఆమె గొంతులో, ఉత్త భయమే మిగిలింది, ఎనిమిదెకరాల నాటి పాత భయం.

"నీకు దండం పెడ్త బిడ్డా, పిల్లనన్న ఉంచి పో. ఆమె ఒడిల పెట్టుకుంటది. ఒక్కసారి పాలిస్తది. మళ్ల ఇయ్యనంటే ఏం జేస్తవే?"

ఆ భయం రమకు కొత్తది కాదు. మోకిలలో పొట్ట మీద చెయ్యి పెట్టిన రోజు నుంచీ అది తనలోనూ ఉంది, ఇప్పుడూ ఉంది, పిల్లను పట్టుకున్న చేతులు దానికే బిగుసుకుంటున్నాయి. కొంగు లాక్కుంది.

"ఇయ్యనంటే కొట్లాడ్త అత్తమ్మా. కొట్లాడనీకన్న ముందు ఆమె బతకాలె గద!"